బూతుల లెక్క

ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఆట మొదలై పది నిమిషాలు కాకముందే ఒకడు మూడుసార్లు చచ్చాడు. వెంటనే చాట్‌లో పడింది: "నూబ్‌గాడా, ఆట డిలీట్ చేసి పో." ఆ తర్వాతవి అచ్చులో వెయ్యలేం, అమ్మలూ అక్కలూ వచ్చేస్తారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడేవాళ్లకి ఇది రోజూ ఉండే భాగోతమే. ఓడితే దిగేది మన ర్యాంకు. గెలిపించాల్సింది మాత్రం ముక్కూమొహం తెలియని ఇంకో నలుగురు. ఒళ్లు మండదూ మరి!

ఆ ఆట లాస్ ఏంజెలెస్‌లోని రయట్ గేమ్స్‌ది. మన హైదరాబాద్ కుర్రాళ్లు రాత్రిళ్లు తలుపులేసుకుని ఆడే వాలరెంట్ కూడా వాళ్లదే. తిట్లు పడలేక జనం ఆట మానేస్తే కంపెనీకి నష్టం. అందుకని మనస్తత్వం మీద పరిశోధనలు చేసినవాళ్లను జీతాలిచ్చి పెట్టుకుని, చాట్‌లన్నీ తిరగేయించింది. బూతురాయుళ్లను ఏరి గెంటేస్తే పీడా వదులుతుందని ఆశ.

లెక్క వేరేగా తేలింది. ఎప్పుడు చూసినా తిట్టేవాళ్లు నూటికి ఒక్కరు. మొత్తం తిట్లలో వాళ్ల వాటా 5 శాతం మాత్రమే. మిగతావాటిలో చాలావరకు రోజూ బుద్ధిగా ఆడుకునేవాళ్ల నోట వచ్చినవే. ఆ రోజు పరీక్ష పోయి ఉంటుంది, లేదా బాసు నలుగురిలో కేకలేసి ఉంటాడు.

సరే, ఎదుటి జట్టుతో చాట్‌ని ముందుగానే ఆపేసి పెట్టారు. కావాలంటే ఎవరికి వారు ఆన్ చేసుకోవచ్చు. మాటలు తగ్గలేదు, తిట్లు మాత్రం మూడోవంతు దాకా తగ్గాయి! ఒక్క మీట నొక్కేపాటి ఆలస్యానికే సగం కోపం దిగిపోయిందన్నమాట.

శిక్షలూ ఖాయం చేశారు. ముందు 10 ఆటల పాటు చాట్‌కి కోత. మారకపోతే 25 ఆటలు. అప్పటికీ మారకపోతే 14 రోజులు బయట. ఆపైన అకౌంట్ శాశ్వతంగా మూత. టైలర్‌వన్ అని పేరుమోసిన స్ట్రీమర్ ఒకడు. 2016లో అతను ఏ అకౌంట్‌తో కనబడినా మూసేస్తామని కంపెనీ బాహాటంగానే చెప్పింది.

అంతటితో ఊరుకోలేదు. సొంత ఉద్యోగుల చాట్‌లు కూడా బయటికి తీసింది. మెచ్చుకోవాల్సిందే, ఎంత పెద్ద కంపెనీకైనా ఆ ధైర్యం సులభంగా రాదు. అంతకుముందు ఏడాది ఉద్యోగం పోయినవాళ్లలో పాతికమందికి ఒకరు కాదు, నలుగురిలో ఒకరు ఆటలోనూ మామూలుకు మించి నోరు పారేసుకున్నవాళ్లేనని తేలింది. వాళ్లవి పచ్చి బూతులు కూడా కావు. ఎక్కువగా దెప్పిపొడుపులు, కంపెనీ మనుషులమని చెప్పి ఆటగాళ్లను బెదిరించడాలు. ఉన్న ఉద్యోగుల్లో మరీ శ్రుతి మించిన 30 మందిని పిలిచి, వాళ్లు రాసిన మాటలే వాళ్లకి చూపించారు. కొందరు సిగ్గుపడి, ఇకమీదట మారతామని పేజీలకు పేజీలు రాసిచ్చారు.

ఆ 30 మందీ జూనియర్లే, ఉద్యోగాలకు కొత్తవాళ్లే. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లకి ఆడే తీరిక ఉండదు కాబోలు.

2018 ఆగస్టులో ఆ ఆఫీసులో ఆడవాళ్లు పడుతున్న పాట్లు పత్రికకెక్కాయి. ఈసారి వేళ్లు పైఅంతస్తు వైపు చూపించాయి. దావా పడింది, సాగింది, చివరికి 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అంతకుముందే, 2018 డిసెంబరులో, చీఫ్ ఆపరేటింగ్ ఆఫీసర్‌గారి ప్రవర్తన మీద వచ్చిన ఆరోపణలపై విచారణ జరిపి కంపెనీ ఆయనకు శిక్ష వేసింది.

జీతం లేకుండా 2 నెలల సెలవు. ఆ తర్వాత శిక్షణ తీసుకుని మళ్లీ డ్యూటీలో చేరవచ్చు.