జీపు లో గేరు మీద కొన్ని పెడసరపు సలహాలు

ట్రాన్స్‌ఫర్ కేసులో పళ్లు మార్పించి లో గేరును ఇంకా తగ్గించుకోవాలా అని అడిగే కుర్రాళ్లకు నా మొదటి సలహా: మెకానిక్ దగ్గరకు వెళ్లకండి. చెరుకుపల్లి, కనగాల, గుళ్లపల్లి వైపు నాట్ల ముందు దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరు దగ్గరకు వెళ్లండి. బురదలో దిగడానికి అతను గేరుబాక్సు ముట్టుకోడు, ఇనుప దమ్ము చక్రాలు బిగించుకుంటాడు. ఈ నేలలో పట్టు పుట్టేది చక్రం దగ్గర. డెల్టా రైతు ఎప్పుడో తేల్చేసిన సంగతిని జీపు కొన్నాక మనవాళ్లు మరిచిపోతుంటే నాకు బాధేస్తుంది.

రెండోది: కావాలనే దిగబడండి. సొంత చేలో, పంట లేనప్పుడు, లాగడానికి ట్రాక్టరును పక్కన ఉంచుకుని. ఫోర్ లో వేసి, మొదటి గేరులో నింపాదిగా పోనిచ్చి, బండి ఆగిన క్షణంలో ఏం జరిగిందో చూడండి. చక్రాలు తిరుగుతూనే బండి కదలడం లేదంటే ఇంజనుకు బలం సరిపోయింది, నేలకే పట్టు లేదు. గేరు ఇంకా తగ్గిస్తే పెరిగిన బలం కూడా ఆ బురదనే చిలుకుతుంది. చక్రం తిరగకుండా ఇంజను ఆగిపోతే అప్పుడు గేరు మాట ఎత్తండి. మన రేగడిలో జరిగేది చాలావరకు మొదటిదే. పైగా టైరు గాడుల్లో ఇరుక్కున్న జిగట మట్టిని విసిరికొట్టాలంటే చక్రానికి కాస్త వేగం ఉండాలి. మరీ తగ్గించిన గేరు ఆ వేగాన్నే తీసేస్తుంది.

లెక్క కావాలా? మాన్యువల్ జిమ్నీలో మొదటి గేరు 4.425, లో రేంజి 2.002, యాక్సిల్ 4.090. మూడూ గుణిస్తే సుమారు 36. అంటే ఇంజను 36 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 2020 థార్‌లో లో రేంజి 2.48. రాంగ్లర్ రూబికాన్‌లో అది 4, బండరాళ్ల మీద అంగుళం అంగుళం ఎక్కడానికి. తెనాలి నుంచి రేపల్లె దాకా వెతికినా అలాంటి బండ ఒక్కటి దొరకదు.

పెద్ద టైర్లు వేశాం, బండి బరువెక్కింది అంటారు. నిజమే. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే గేరు 10 శాతం పైగా పొడుగైనట్టే. దానికి గేర్లు మార్చమని అందరూ చెబుతారు, నేను పాత టైర్లు తిరిగి వేయమంటాను. వీలైతే సన్నవి వేయండి. దమ్ము చేసిన మడిలో మెత్తటి బురద కింద గట్టి పొర ఉంటుంది, సన్న టైరు బురదను కోసుకుని దాన్ని అందుకుంటుంది. ఇసుకలో ఇది పనిచేయదు, అక్కడ గాలి తగ్గించాలి. కానీ సూర్యలంక, నిజాంపట్నం తీరంలో అసలు బండే దింపకండి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది.

గేరు తగ్గితే పెరిగే మెలితిప్పు బలాన్ని ప్రొపెల్లర్ షాఫ్టు, జాయింటు క్రాసులు, క్రౌన్ పినియన్ మోయాలి. బురదలో తిరుగుతున్న చక్రం హఠాత్తుగా గట్టును పట్టుకుందంటే వాటిలో బలహీనమైనది తెగుతుంది. వాన పడ్డ కొమ్మమూరు కాలువ కట్ట మీద ఇంకో ప్రమాదం. యాక్సిలరేటరు వదలగానే మరీ తక్కువ గేరు చక్రాలను దాదాపు బిగించేస్తుంది, బండి నీళ్ల వైపు జారుతుంది. అక్కడ ఫోర్ హై, రెండో గేరు, నిలకడైన కాలు కావాలి.

పాడేరు, మారేడుమిల్లి కొండబాటల్లో బరువేసుకుని నిటారుగా దిగేవాళ్ల సంగతి వేరు. బ్రేకులు కాలిపోకుండా తక్కువ గేరు వాళ్ల ప్రాణం కాపాడుతుంది. వాళ్లు మార్పించుకోవాలి.

చెరుకుపల్లిలో ఉండేవాళ్లు గేర్ల మార్పుకు పెట్టే డబ్బుతో మంచి లాగుడు బెల్టు కొనండి, ముందూ వెనకా కొక్కేలు బిగించుకోండి. కొక్కేన్ని ఛాసిస్‌కే బిగించాలి. బంపరుకు బిగిస్తే లాగినప్పుడు ఊడి వచ్చి మనిషిని కొడుతుంది.