వల లేని రోజు

నన్ను బోటు అనండి, తెప్ప అనండి, కళింగపట్నం రేవులో రెండూ చెల్లుతాయి. ఫైబరు ఒళ్లు, లోపల థర్మోకోల్, వెనక పొడుగు తోక ఇంజను. నాకు ముందు ఈ ఇంట్లో ఉన్నది కర్రతెప్ప. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అది ఏ దుంగకా దుంగ విడిపోయింది. తెప్ప పోయాక మా ఆసామి పట్టిన దారి సిక్కోలు మత్స్యకారులకు కొత్తదేం కాదు. రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోయాడు.

అతనక్కడ కుదురుకుంటుండగానే, నవంబరులో మన ఉత్తరాంధ్ర వాళ్లు 22 మంది సరిహద్దు నీళ్లలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. ఆ కథే తర్వాత ‘తండేల్’ సినిమా అయింది. మా ఇల్లాలు ఆ సినిమాకి వెళ్లి సగంలో లేచి వచ్చేసిందట. వాళ్లు చెరలో ఉన్న ఆ ఏడాది పైచిలుకూ ఆమె ఫోన్లో మొగుణ్ణి అడిగింది ఒకటే మాట, ఎప్పుడొస్తావని. వెరావల్ కూలీ డబ్బుకి ఇంత అప్పు కలిపి అతను నన్ను కొన్నాడు. అందుకే ఇంట్లో నా మీద ప్రేమ కన్నా లెక్క ఎక్కువ. తప్పుపట్టను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇంజను బోట్లకు వేట నిషేధం. ఆ రోజులకిచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే దాన్ని మొదలుపెట్టారు. నాకు మాత్రం అవి ఇసకలో బోర్లా పడుండే రోజులు. పగుళ్లకు రెజిన్ పూసి గుడ్డ అతికిస్తారు, పైన నీలం రంగు వేస్తారు.

ఈసారి జూన్ 15న తెల్లారకముందే రేవంతా ఖాళీ అయిపోయింది. మా వల పని ఇంకా సగమే అయింది. ఇంజను మాత్రం విప్పి బిగించారు కాబట్టి నీళ్లలో ఓ చుట్టు తిప్పి చూడాలి.

“మమ్మల్నీ తీసుకెల్లు మావా,” అంది ఇల్లాలు.

“డీజిలు దండగే.”

“దండగైతే అవనీ.”

లైఫ్ జాకెట్లు రెండే ఉంటే పిల్లలిద్దరికీ తొడిగారు. ముసలమ్మ ముందు నా మూతికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే ఎక్కింది. చేతిలో చోడంబలి టిఫిన్ డబ్బా. అల్లుడి బోటయినా లోపలికి ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. మా రేవులో ఆడవాళ్ల పని నేను ఒడ్డుకి చేరాక మొదలవుతుంది. వేలంలో పాట పాడ్డం, గంప నెత్తినెత్తుకుని గార, సింగుపురం తిరగడం. నా బయటి ఒళ్లు వాళ్లకి తెలిసినంత నాకే తెలీదు. కడుపు మాత్రం చూడలేదు. “ఓలమ్మో, ఇంత కంపేటి!” అని ఇల్లాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అతుకుల్లో నిరుడు ఎండిన పొలుసులు గోటితో గీకి పారేసింది.

ఒడ్డుకీ లోతుకీ మధ్య కెరటాలు విరిగే చోటు దాటడమే అసలు పని. అక్కడ తొందరపడితే బోర్లా పడతాం. మా ఆసామి ఇంజను తిప్పకుండా పెద్ద కెరటాలు వరసగా పోయేదాకా కాచుకున్నాడు. చిన్నవి మొదలవగానే ఒక్క ఊపు. నా ముక్కు ఆకాశంలోకి లేచి దబ్బున పడింది. ముసలమ్మ కూర్మనాథుణ్ణి పిలిచింది, చిన్నోడు ఇంకోసారి అన్నాడు, ఇల్లాలు రెండు చేతులా నా అంచు పట్టుకుంది.

దాటాక నిమ్మళం. శ్రీకూర్మం ఎటని ముసలమ్మ అడిగితే ఆసామి పడమటికి చెయ్యి చూపించాడు. ఆమె కూర్చునే దండం పెట్టుకుంది. తాబేళ్లేవని పిల్లలు అడిగారు. అవి ఒడ్డుకొచ్చేది శీతాకాలంలో. వంశధార మొగలోంచి శాలిహుండం కొండ దాకా, ఆ బౌద్ధ స్తూపాలు చూపిద్దామని లోపలికి తిప్పారు కానీ కొంచెం దూరం పోగానే అడుగు ఇసక మేటకి రాసుకుంది. జూన్‌లో ఏటిని నమ్మకూడదు. నన్నడిగితే ముందే చెప్పేదాన్ని. మళ్లీ సముద్రంలోకే.

అంబలి తాగుతూ ఇల్లాలు ఒడ్డు వైపు చూస్తోంది.

“మన ఇల్లేది?”

“ఇక్కడ నుంచి కనపడదే. అదిగో లైటుహౌసు, దాన్ని బట్టే వస్తాం.”

“మరి మీరు ఆలస్యమైన రోజు నేను నిలబడతానే, ఆ తాటిచెట్ల కాడ?”

“నువ్వూ కనపడవు. మనుషులెవరూ కనపడరు.”

ఆమె డబ్బా మూత పెట్టింది. “గాలి లేచినప్పుడల్లా కొంగు ఊపుతాను,” అంది. అతను ఇంజను చప్పుడుకి వినపడలేదన్నట్టు తోక సవరించాడు. కొంగు ఊపడం నేనూ ఎప్పుడూ చూడలేదు, ఒట్టు. ఒడ్డుకి వచ్చాక చూసేది ఆమె కోపమే. ఆ కోపం ఎందుకో ఇన్నేళ్లకి అర్థమైంది.

కాసేపటికి ఆమె అడిగింది: “ఒక ఫోనెయ్యలేవేటి?”

“లోపలికి పోతే సిగ్నలుండదు.”

“దగ్గరికొచ్చాక ఉంటాది కదా.”

దానికి అతని దగ్గర జవాబు లేదు. ఉంటుందని నాకు తెలుసు. వస్తూ వస్తూ అతను చేపల ధర కనుక్కోడానికి చేసే ఫోన్లన్నీ అక్కడి నుంచే.

తిరిగి రేవుకి చేరేసరికి నిషేధం తర్వాత మొదటి వేట బోట్లు దిగుతున్నాయి. కానాగడతలు, కవళ్లు ఇసక మీద కుప్పలు పోసి పాట మొదలెట్టేశారు. ముసలమ్మ దిగీ దిగకముందే బేరంలో దూరింది. ఇల్లాలు చీర కుచ్చిళ్లు పిండుకుంటూ గంప కోసం ఇంటికి పరుగెత్తింది. మా ఆసామి ఇంజను ఊడదీసి భుజానికెత్తుకున్నాడు. తోక దగ్గర నట్టు వదులైందట. మర్నాడు వల ఎక్కేలోపు బిగించాలి.