చుట్టాలూ సెక్షన్లూ

తెనాలి దగ్గర రైస్ మిల్లు ఉన్నవాళ్ళ అబ్బాయి విశాఖపట్నం వెళ్ళి ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో చేరాడంటే ఊళ్ళో అందరూ అడిగేది ఒకటే: "క్రిమినలా, సివిలా?" ఈ కుర్రాడు "కంపెనీ లా" అన్నాడు. ఏ కంపెనీయో అడిగినవాళ్ళకి అర్థం కాలేదు. వాళ్ళ నాన్నకి మాత్రం ఆడిటర్ ఫీజు మిగులుతుందని అర్థమైంది.

కుర్రాడి ఊహలు వేరు. షేర్లు, విలీనాలు, అద్దాల మేడలో ఏసీ గది. తీరా మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్ట్స్ పేపర్ తెరిస్తే ఎదురొచ్చింది మొగుడూ పెళ్ళాల తగువు. బాల్ఫోర్ దొర సిలోన్‌లో ఉద్యోగానికి తిరిగి వెళ్తూ, ఒంట్లో బాగాలేక ఇంగ్లండులోనే ఉండిపోయిన భార్యకి నెలకి 30 పౌన్లు పంపుతానన్నాడు. తర్వాత ఎగ్గొట్టాడు. ఆవిడ కోర్టుకెక్కింది. ఆలుమగలు ఇంట్లో అనుకున్న మాటలు కోర్టుకి ఎక్కే ఉద్దేశంతో అనుకున్నవి కావు, కనుక అది కాంట్రాక్టే కాదని 1919లో అప్పీలు కోర్టు తేల్చేసింది.

సరే, దొరల గొడవ మనకెందుకని పేజీ తిప్పితే మన కోర్టుల్లోనూ అదే సంత. ప్రతిఫలం లేని వాగ్దానం చెల్లదంటూనే, దగ్గరి చుట్టాల మధ్య ప్రేమకొద్దీ రాసి రిజిస్టర్ చేయిస్తే చెల్లుతుందంటుంది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్. కలకత్తాలో ఒకాయన భార్యకి విడిగా ఉండేందుకు మనోవర్తి ఇస్తానని చక్కగా కాయితం రాసి రిజిస్టర్ చేయించాడు. కానీ అందులోనే ఇద్దరికీ ఉన్న గొడవల ప్రస్తావన కూడా తెచ్చాడు. ఈ కాయితంలో ప్రేమెక్కడుందని 1900లో హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ.

తెలుగువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? చిక్కం అమ్మిరాజు, శేషమ్మల కేసు చదివిన రాత్రి కుర్రాడు హాస్టల్ అంతటికీ ఆ కథ వినిపించాడు. భర్త తన తోడబుట్టినవాడికి అనుకూలంగా ఆస్తి హక్కులు వదులుకుంటూ రాసివ్వమని భార్యనీ కొడుకునీ అడిగాడు. రాయకపోతే చస్తానని బెదిరించాడు. వాళ్ళు రాసిచ్చారు. ఆ బెదిరింపు బలవంతం కిందికే వస్తుందనీ, ఆ పత్రం నిలవదనీ మద్రాసు హైకోర్టులో మెజారిటీ జడ్జిలు తేల్చారు. 15వ సెక్షన్ మీద ప్రశ్న వస్తే ఈ కేసు రాయనివాడు లేడు. పాపం శేషమ్మకి తెలియదు, వందేళ్ళ తర్వాత కూడా తన సంసారం ఇంతమందికి మార్కులు తెచ్చిపెడుతుందని.

కంపెనీ లా పేపర్ వచ్చాకైనా చుట్టాల గోల వదులుతుందనుకుంటే, మొదటి పాఠమే బూట్లు కుట్టించి అమ్మే సాలమన్ సంసారం. అప్పట్లో కంపెనీ పెట్టాలంటే ఏడుగురు సభ్యులుండాలి. ఆయన తనతో పాటు భార్యనీ, కూతుర్నీ, నలుగురు కొడుకుల్నీ లెక్కేసి ఏడుగుర్ని పూర్తి చేశాడు. ఆరుగురికీ తలో షేరు, తనకి ఇరవై వేలు. వ్యాపారం మునిగింది. అప్పులవాళ్ళు ఆయన మీద పడ్డారు. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ససేమిరా అంది: సాలమన్ వేరు, కంపెనీ వేరు.

సెలవులకి ఇంటికొచ్చి కుర్రాడు ఈ ముక్కే గర్వంగా చెప్పాడు. "మిల్లు మనది కాదు నాన్నా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీది. దాని అప్పు దానిదే."

"మరి బ్యాంకువాడు మన ఇంటి కాయితాలు ఎందుకు పెట్టించుకున్నాడ్రా?"

కుర్రాడు నీళ్ళు నమిలాడు. వ్యక్తిగత హామీ అనే పాఠం అప్పుడు గుర్తొచ్చింది. అప్పు తీసుకున్నవాడికెంత బాధ్యతో హామీ ఇచ్చినవాడికీ అంతేనంటుంది కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్.

పోయిన పరువు నిలబెట్టుకోవాలని ఇంకో సంగతి ఎత్తుకున్నాడు. కంపెనీల చట్టం 2013లో బంధువుకి నిర్వచనం ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబ సభ్యులు, భార్యాభర్తలు కాక, 2014 నాటి నిబంధనల ప్రకారం తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అంతే. బావమరిది ఆ జాబితాలో లేడు.

వంటింట్లోంచి వాళ్ళమ్మ గరిటెతో సహా వచ్చింది. "మా తమ్ముడు చుట్టం కాదా? ఆ చట్టం రాసినవాడికి అక్కచెల్లెళ్ళు లేరు కాబోలు!"

ఆ తమ్ముడే మిల్లులో బియ్యం అరువు తీసుకుని ఇచ్చిన చెక్కు ఆ వారమే వెనక్కొచ్చింది. కుర్రాడు వేళ్ళు మడిచి, చెల్లని చెక్కులకి వర్తించే 138వ సెక్షన్ లెక్క చెప్పాడు. బ్యాంకు కబురందిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి. నోటీసు అందాక కట్టడానికి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు.

వాళ్ళ నాన్న క్యాలెండర్ చూశాడు. "ఆ 15 రోజుల్లోనే వాళ్ళ పిల్ల ఓణీల ఫంక్షన్. మనం నోటీసివ్వాలా, చదివింపులు రాయించాలా?"

వాళ్ళమ్మ గరిటె దించింది. మిల్లు కంపెనీలో ఆవిడా డైరెక్టరే. "కంపెనీ వేరు, మనం వేరు అన్నాడుగా వీడు. నోటీసు కంపెనీ ఇస్తుంది, చదివింపులు మనం ఇద్దాం. నోటీసు మీద సంతకం మీరు పెట్టండి, ఫంక్షన్‌కి నేను వెళ్తా."