విమానం వాడిక

మా అక్క కొడుకు డల్లాస్ నుంచి దిగి మూడు రోజులైంది. దిగినప్పటి నుంచి మనిషి మనిషిలో లేడు. పొద్దున లేస్తే ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఒకటే నిట్టూర్పులు. ఉద్యోగం ఊడిందేమోనని మా అక్క ఎవరికీ చెప్పకుండా వేములవాడ రాజన్నకు కోడెను మొక్కుకుంది. నిలదీస్తే సంగతి బయటపడింది. ఉద్యోగం పదిలంగానే ఉంది. పోయింది ప్లాటినం.

“ఎన్ని తులాలు కొడుకా?” అంది అక్క గుండె పట్టుకుని.

సొమ్ము కాదట, హోదా అట. ఒకే కంపెనీ విమానం పదేపదే ఎక్కేవాళ్లకు పాయింట్లిస్తారు. పాయింట్లు పెరిగితే వెండి, బంగారం, ఆపైన ప్లాటినం. ప్లాటినం వాడు అందరికన్నా ముందు విమానం ఎక్కుతాడు. దిగడం మాత్రం అందరితో పాటే, అదే ఊళ్లో. ఇన్నాళ్లూ ఎంత దూరం ఎగిరావన్నది లెక్క. ఈ ఏడాది నుంచి ఎంత డబ్బు పోశావన్నదే లెక్క అన్నారట. అల్లుడు కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పెండ్లి సంబంధం తప్పినప్పుడు కూడా వాడు అంత పొడుగు రాయలేదు.

వాడొక్కడి గోసే అయితే కాలమ్ దాకా రాకపోదును. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ మైళ్ల పద్దు తెరిచిన నాటి నుంచి, కంపెనీ నిబంధన మార్చడం, ప్రయాణికుడు గుండెలు బాదుకోవడం ఆనవాయితీగా సాగుతున్నాయి. 2023 సెప్టెంబరులో డెల్టా వాళ్లు హోదాకు ఖర్చొక్కటే కొలత అన్నారు, లాంజుల్లోకి ఎన్నిసార్లు రావచ్చో గీత గీశారు. ప్లాటినం జనం భగ్గుమంది. నెల తిరక్కుండానే పెద్దాయన ఎడ్ బాస్టియన్, కాస్త ఎక్కువే చేశామని ఒప్పుకుని మెత్తబడ్డాడు. మా దగ్గర వడ్ల బస్తాకు తరుగు తీస్తున్నారని రైతులు రోడ్డు మీద బైఠాయిస్తే దిగొచ్చేది తహసీల్దారు దాకనే. ఆయనా, ఎక్కువే చేశామని ఎన్నడూ అనడు.

తరుగన్న మాట రాగానే చిన్నబాపు చెవి ఇటేశాడు. మా చిన్నబాపు ముప్పై ఏండ్ల దుబాయ్ మనిషి. ఇదే ఆఖరుసారి అంటూ నాలుగోసారి పోతున్నాడు. ప్రయాణం ఇంకా నాలుగు రోజులుంది.

“గౌడ్ దగ్గర కల్లు వాడిక ఉన్నట్టేనా?” అన్నాడు.

“అంతే తాతా. వాడిక ఉన్నోళ్లకు ముందుగాల పోస్తరు గదా, అట్ల.”

“మరి గౌడ్ ఏనాడన్న, నువ్వు ఎన్నేండ్ల సంది తాగుతున్నవో నాకొద్దు, ఎంత పెట్టి తాగినవో చెప్పు అన్నడా?”

అల్లుడి దగ్గర జవాబు లేదు. విమానంలో చిత్రమేమంటే పక్కపక్క సీట్ల వాళ్లే ఒక్క ధర పెట్టి కొనరు. ఒకే ఉప్మా తిన్న ఇద్దరిలో టికెట్టుకు ఎక్కువ పోసినవాడే ఇప్పుడు ఎక్కువ విశ్వాసపాత్రుడు. బేరం చేతగాక ఎక్కువ పెట్టి కొన్నవాణ్ని మా అంగట్లో వేరే పేరుతో పిలుస్తారు.

మనవాళ్లేం తక్కువ తినలేదు. ఎయిర్ ఇండియా 2024లో మైళ్ల లెక్క తీసి రూపాయల లెక్క పెట్టింది. అదే నవంబరు 12న విస్తారా అందులో కలిసిపోతే, క్లబ్ విస్తారా సభ్యులు పుట్టింటి ఇల్లు అమ్ముడుపోయినట్టు కన్నీళ్లు పెట్టుకున్నారు. నిజానికి వాళ్ల పాయింట్లు పాయింటుకు పాయింటు కొత్త ఖాతాలో పడ్డాయి. కింగ్‌ఫిషర్ కింగ్ క్లబ్ వాళ్లకు 2012లో ఆ భాగ్యం కూడా దక్కలేదు. ఆ తర్వాత 2025లో ఎయిర్ ఇండియా పథకం పేరే ‘మహారాజా క్లబ్’ అయింది. ఇదివరకు ఆ పేరు అన్నిటికన్నా పై మెట్టుది, ఇప్పుడు కింది మెట్టు మీద కాలు పెట్టినవాడూ మహారాజే. అందరూ పల్లకి ఎక్కేవాళ్లయితే మోసేదెవరన్న సామెత గురుగ్రామ్ ఆఫీసులో ఎవరికీ తెలిసినట్టు లేదు.

పాయింట్లు ఉత్త గాలి మాటలనుకునేరు. 2020లో కరోనాకు విమానాలు నేల మీదుంటే, యునైటెడ్ వాళ్లు ఈ మైళ్ల పథకాన్నే తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్ల అప్పుకు సిద్ధమయ్యారు. చిన్నబాపు మొదటి వీసాకు చిన్నమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టాడు. పద్ధతి ఒకటే. వడ్డీ మాత్రం మా కోరుట్ల సేటుదే ఎక్కువ.

అల్లుడికి జాలేసి తాత మైళ్లు లెక్కగట్టాడు. హైదరాబాద్ నుంచి దుబాయ్ దాదాపు 1,600 మైళ్లు. మొదట్లో బొంబాయి దాకా బస్సులో పోయి ఎక్కినవి పక్కన పెట్టినా, రెండేండ్లకోసారి సెలవు చొప్పున ముప్పై ఏండ్లకు పోనురాను ముప్పైసార్లు. మొత్తం 48,000. డల్లాస్‌కు ఒకవైపే 8,500 పైన. అంటే అల్లుడు వాళ్లక్క పెండ్లికి, గృహప్రవేశానికి, సమ్మక్క జాతరకు వచ్చిపోయిన మూడుసార్లతోనే తాత ముప్పై ఏండ్లు దాటేశాడు. పైగా హోదా ఏడాదికేడాది లెక్క. రెండేండ్లకోసారి ఎక్కేవాడు ప్రతిసారీ కొత్తవాడే.

2024 ఫిబ్రవరిలో మా సిరిసిల్ల జిల్లా వాళ్లు కొందరు దుబాయ్ జైల్లో దాదాపు పద్దెనిమిదేండ్లుండి ఇల్లు చేరారు. వాడకపోతే పాయింట్లు మురిగిపోతాయన్న నిబంధన వాళ్లకెట్లా వర్తిస్తుందో అడుగుదామనుకున్నాను. అల్లుడి ప్లాటినం దుఃఖం చూసి ఊరుకున్నాను.

అట్లాగని మా ఊరికి విమాన కంపెనీల మార్పులు పట్టవని కాదు. చందుర్తి నుంచి జగిత్యాల దాకా గల్ఫ్ ఇండ్లన్నిటిలో అడిగే ప్రశ్న ఒక్కటే: “ఎన్ని కిలోలు?” 2025 జనవరిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ గల్ఫ్‌కు 30 కిలోల సామాను ఉచితమన్న వార్త వచ్చిన రోజు మా చిన్నమ్మ మొహం చూడాల్సింది. ఏ మహారాజా అంత నవ్వలేదు. ఇప్పుడూ నడింట్లో కాంటా వేలాడుతోంది. కార్టన్‌లో మామిడికాయ తొక్కు, సకినాలు, బీపీ గోలీలు, నాలుగు కట్టల బీడీలు. కిలోన్నర ఎక్కువైంది. చిన్నబాపు చెప్పులు తీశాడు, చిన్నమ్మ మళ్లీ పెట్టింది. అంగీలు తీశాడు. తొక్కు మీద చెయ్యి వేస్తే మాత్రం చిన్నమ్మ ఊరుకోలేదు.

“నీకేం హోదా లేదా అమ్మమ్మా?” అన్నాడు అల్లుడు.

“మాకు బస్సు ఫ్రీ అయినప్పటి సంది ఆధార్ కార్డే ప్లాటినం బిడ్డా” అంది.

చివరికి వాడి మనసు కరిగి, తాతను కూడా క్లబ్బులో చేర్పిస్తానన్నాడు. చేరడానికి పైసా ఖర్చు లేదు. గద్దె మీద కూర్చుని ఫోన్‌లో ఫారం నింపడం మొదలుపెట్టాడు. పేరు, పాస్‌పోర్టు నంబరు, కిటికీ సీటా, దారి పక్క సీటా. కిటికీ అన్నాడు చిన్నబాపు. ముప్పై ఏండ్లలో దొరికింది రెండేసార్లట.

“ఎందుకు పోతున్నవని అడుగుతున్నడు తాతా. వ్యాపారమా, విహారమా?”

“బతుకుదెరువుకని రాయి.”

“అది లేదు తాతా. రెండే ఉన్నయి.”

చిన్నబాపు కార్టన్‌కు తాడు బిగిస్తూ, “ఏదో ఒకటి నొక్కు బిడ్డా” అన్నాడు.

అల్లుడు కాసేపు తటపటాయించి విహారం నొక్కాడు.