తెర మీది రోగికి పథ్యం

డైటెటిక్స్ కోర్సులు ఇక ఆన్‌లైన్‌లోనూ దూరవిద్యలోనూ కుదరవని 2025లో యూజీసీ అన్నప్పుడు మురిసిపోయినవాళ్లు కాస్త ఆగాలి. గేటు దగ్గర ఆపిన తెర ఇప్పుడు తరగతి గదిలోనే తిష్ఠ వేసింది. బోధన ఆధునికం కావాలంటే వర్చువల్ రోగి ఉండి తీరాలట. ఎంత బంగారంలాంటి రోగి! నిన్న ఏం తిన్నారంటే అన్నం 150 గ్రాములు, నూనె మూడు చెంచాలు అని గడగడా ఒప్పజెబుతాడు. ఆవకాయ ఊసెత్తడు. శనివారం ఉపవాసం ఉండడు, పెళ్లి భోజనానికి వెళ్లడు. ఉప్పు తగ్గించమంటే ఆ క్షణమే తగ్గిస్తాడు, బీపీ దిగుతుంది, విద్యార్థినికి పదికి పది మార్కులు పడతాయి. ఒక్కడి కోసం వేరే కూర ఎవరు వండుతారని అడిగే కోడలు గానీ అత్తగారు గానీ ఆ సాఫ్ట్‌వేర్‌లో లేరు. కాలేజీ బ్రోచర్‌లో మాత్రం అతని ఫొటో భలే ఉంటుంది.

ఓపీలో కూర్చున్న అసలు మనిషి మాత్రం "ఏముందమ్మా, అందరూ తినేదే" అంటాడు. ఆ ఒక్క మాటలోంచి కంచం ఎంత, గరిటె ఎంత, మారు వడ్డించుకున్నాడా, మజ్జిగలో ఉప్పెంత అన్నది రాబట్టడమే ఈ విద్య. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 528 ఆహార పదార్థాల లెక్కలున్నాయి. అయితే అన్నం తిన్న వెంటనే టీ తాగే ఇంట్లో ఆకుకూరలోని ఇనుము ఒంటికెంత పడుతుందో పట్టిక చూసి చెప్పలేం, ఆ ఇంటి అలవాటు అడగాలి. పొటాషియం తగ్గడానికి కూరగాయలు ఉడికించి నీళ్లు వంపేయమని కిడ్నీ రోగికి చెప్పే అమ్మాయి, ఆ చప్పిడి కూర ఒక్కసారైనా వండి తినకుండానే పట్టా పుచ్చుకుంటే అది చదువేనా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తప్పంతా పాఠాలదే అనను. కానీ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం చాలని చోట, తిండి గురించి మనుషులతో మాట్లాడటం నేర్పకుండా బొమ్మ రోగికి డబ్బు తగలేయడం సిగ్గులేనితనం.

కొత్తవాళ్ల తప్పులకు నిజమైన రోగులు బలి కావాలా అంటారు. న్యాయమైన ప్రశ్నే. డయాలసిస్ రోగి పొటాషియం లెక్క తప్పితే గుండెకే ముప్పు, ఆ లెక్క ముందు తెర మీద నేర్చుకోవలసిందే. అక్కడితో ఆపేసి దాన్ని క్లినికల్ అనుభవం అనడమే మోసం. అందరికీ ఆసుపత్రులు ఎక్కడివన్నది ఇంకో సాకు. హాస్టల్ మెస్ కాలేజీ ఆవరణలోనే ఉంది కదా! లోపల సమతులాహారం మీద సెమినార్, బయట నీళ్ల పప్పు. ఆ మెస్‌కున్న డబ్బుతోనే వారం మెనూ విద్యార్థుల చేత రాయించండి, వంటవాళ్లను ఒప్పించి వండించమనండి, కంచాల్లో మిగిలి పారబోసింది రోజూ తూకం వేయించండి. మార్కులు ఆ తూకం చూసి వేయండి.