నేను క్యాబ్‌స్టార్ ఇంజన్‌ను

నేను డీజిల్ ఇంజన్‌ను. నాలుగు సిలిండర్లు, ఒకే వరస. హైదరాబాద్ అల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి 1980లలో జహీరాబాద్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో నన్ను క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీకి బిగించారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి పోయింది, ఇప్పుడక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. అప్పుడు ఇదంతా మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా.

జహీరాబాద్ అల్లం, ఆలుగడ్డ, సదాశివపేట టైర్లు, పటాన్‌చెరు మందుల కంపెనీల డ్రమ్ములు అన్నీ మోశాను. డ్రైవరు సీటు కింద ఉండేదాన్ని కాబట్టి నన్ను చూసినవాళ్లు తక్కువ, నా గురించి మాట్లాడినవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు పటాన్‌చెరులో బాంబే హైవే పక్కన ఒక షెడ్డులో విప్పి ఉన్నాను. అడుగున నూనె నిలిచే సంపును ఇక్కడ అందరూ చాంబర్ అంటారు. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే గ్యాస్కెట్ వీళ్లకు ప్యాకింగ్, ఆల్టర్నేటర్ ఇప్పటికీ డైనమోయే. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సందు సరిచేయడాన్ని టాపెట్ సెట్టింగ్ అంటారు. వీటితో నాకు పేచీ లేదు. షెడ్డు పెద్ద మెకానిక్ ఉస్తాద్ అడిగిందీ దుకాణదారు ఇచ్చిందీ ఒకటే అయినప్పుడు పేరు ఏదైతేనేం?

నన్ను చంపేది బేరింగుల దగ్గర వచ్చే పొరపాటు. మొన్న ఉస్తాద్ కుర్రాణ్ణి బేరింగులకు పంపితే వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"మెయిన్‌వా, బిగెండ్‌వా అని అడుగుతున్నరు ఉస్తాద్."

"రెండూ గావాలె. ఇటు రా, సూపిస్త."

ఉస్తాద్ వాడి వేలు పట్టుకుని నా బ్లాకులో క్రాంక్ కూర్చునే చోట పెట్టాడు. అవి మెయిన్ బేరింగులు. తర్వాత కనెక్టింగ్ రాడ్డు కిందివైపు, క్రాంక్ పిన్నును పట్టుకునే పెద్ద కన్నులో పెట్టాడు. అవి బిగెండ్.

"0.50 ఓవర్‌సైజు తేవాల్నా?" అన్నాడు వాడు.

అది పిస్టన్ల సైజు. సిలిండర్ అరిగితే బోరింగ్ చేసి పెద్దది చేస్తారు, అందుకే పిస్టన్ ఓవర్‌సైజు కావాలి. క్రాంక్ అరిగితే గ్రైండింగ్ చేసి సన్నగా చేస్తారు, అందుకే బేరింగు అండర్‌సైజు. అండర్‌సైజు అన్నా ఆ బేరింగు పెంకు మామూలు దానికన్నా మందంగానే ఉంటుంది. తగ్గింది క్రాంక్ కొలత, బేరింగు కాదు. ఈ తేడా తెలియని ఒక షెడ్డులో గ్రైండ్ చేసిన క్రాంక్‌కు స్టాండర్డ్ బేరింగులు బిగించారు. సందులోంచి నూనె జారిపోయి ప్రెషర్ పడిపోయింది. లోపల డబడబా కొట్టుకుని, సదాశివపేట దాటాక సీజ్ అయ్యాను. లోడు మీదున్న నన్ను ఇంకో లారీ లాక్కొచ్చింది. ఆ నొప్పి నేను మరవను.

వరసల విషయంలోనూ జనం తికమకపడతారు. మారుతి 800లో మూడు సిలిండర్లు ఒకే వరసలో, బండికి అడ్డంగా ఉంటాయి. అంబాసిడర్‌లో నాలుగు, నిలువుగా. రెండూ ఇన్‌లైనే. అడ్డం, నిలువు అనేవి ఇంజన్ బండిలో కూర్చున్న తీరు మాత్రమే. ఇక వీ ఇంజన్ కావాలంటే మన ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తయారయ్యే సారథ్ అనే పోరాట వాహనంలో ఉండేది రష్యన్ డిజైన్ ఆరు సిలిండర్ల వీ డీజిల్. దాని రెండు వరసల మధ్య కోణం 120 డిగ్రీలు, అందుకే ఎత్తు తక్కువ. ఆ కోణాన్ని 180 దాకా తెరిస్తే బాక్సర్ అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. బాక్సర్‌లో ఎదురెదురు పిస్టన్లు రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి, ఎవరి క్రాంక్ పిన్ను వాళ్లది. 180 డిగ్రీల వీ ఇంజన్‌లో రెంటికీ పిన్ను ఒకటే కాబట్టి ఒకటి బయటికి పోతుంటే రెండోది లోపలికి వస్తుంది. బయట నుంచి చూస్తే తేడా కనపడదు.

మీ బండి ఇంజన్ విప్పాల్సి వస్తే దుకాణానికి పాత సామాను చేతిలో పట్టుకుని వెళ్లండి. బ్లాకు మీద చెక్కిన ఇంజన్ నంబరు రాసుకోండి. క్రాంక్ ఏ సైజుకు గ్రైండ్ చేశారో గ్రైండింగ్ షాపువాళ్ల చేత చీటీ మీద రాయించుకోండి.