ఒంటరి విద్యార్థిని, ఇంటిల్లిపాది చదువు

నిర్వచనం

ఆన్‌లైన్ డిగ్రీ చదువుల్లో ‘రచన, సాహిత్యం’ అంటే విద్యార్థి ఇంట్లో కూర్చుని, ఫోనులో పాఠం విని, ఎవరి సాయమూ లేకుండా వ్యాసం రాసి, గడువులోగా పంపవలసిన కోర్సు. దీనికి ఒక విద్యార్థి, ఒక ఫోను, ఒక సిమ్ చాలునని నియమావళి అభిప్రాయం. కర్నూలు జిల్లా హాలహర్విలో మాత్రం ఒక అవ్వ, ఒక నాయన, ఒక అమ్మ, మిద్దె ఎక్కగల తమ్ముడు, పక్కింటి చార్జరు కూడా కావాలి. నియమావళిలో వీటి ప్రస్తావన ఉండదు. ఇవి లేకుండా హాలహర్విలో కోర్సు పూర్తికాదు.

పూర్వచరిత్ర

గురువు ఒకచోట, శిష్యుడు ఒకచోట ఉండి చదవడం కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ 1840లోనే షార్ట్‌హ్యాండ్ పాఠాలను టపాలో పంపేవాడు. లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచి తన గడప తొక్కనివాళ్ళకూ పట్టాలిచ్చింది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగునాటే పుట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి ఉపకులపతి జి. రామిరెడ్డి 1985లో ఇగ్నోకు కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఐఐటీల ఎన్‌పీటెల్ 2003లోనూ, కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ 2017 జులై 9నా వచ్చాయి.

రచన అనే సబ్జెక్టుకు వేరే చరిత్ర ఉంది. హార్వర్డులో ‘ఇంగ్లిష్ ఎ’ పేరుతో 1885లో దాన్ని మొదటి సంవత్సరం పిల్లలందరికీ తప్పనిసరి చేశారు. అక్కడివాళ్ళు కామాల దగ్గర కొట్లాడుకుంటే, మనవాళ్ళు 1910 దశకంలో ఏకంగా భాష దగ్గరే కొట్లాడుకున్నారు. స్కూల్ ఫైనల్ కాంపోజిషన్‌ను గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అని వాదన నడిచింది. వాడుక భాషవైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికంవైపు జయంతి రామయ్య పంతులు నిలిచారు. పరీక్ష రాసే పిల్లలు మధ్యలో నిలిచారు. వాళ్ళ అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఈ సంప్రదాయం నేటికీ చెడలేదు.

స్థలం

హాలహర్వి కర్నూలు జిల్లా పడమటి కొసన, ఆలూరు దాటి బళ్ళారికి పోయే దారిలో ఉంది. ఆదోని, ఆలూరు తాలూకాలు ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఈ రెండూ కర్నూలులో కలిశాయి. మనుషులకు తెలిసిన ఈ సంగతి సెల్ టవర్లకు ఇంకా పూర్తిగా తెలియదు. మిద్దె పడమటి మూలకు పోతే ఫోను కన్నడంలో స్వాగతం చెబుతుంది. తూర్పు మూలకు వస్తే తెలుగులో బ్యాలెన్సు అడుగుతుంది. పాఠం నడిచేది ఆ రెంటికీ నడుమ, నీళ్ళ ట్యాంకు పక్కన. అందుకే తమ్ముడు ముందుగా మిద్దెక్కి, సిగ్నల్ ఉన్న చోట చెప్పు పెట్టి వస్తాడు. అక్క పోయి ఆ చెప్పు స్థానంలో కూర్చుంటుంది.

ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం కలిసిన తెలుగు, కోర్సులో ఇంగ్లిషు. మూడింటి మధ్య తిరిగే విద్యార్థినికి పాఠ్యపుస్తకం చేసే మొదటి సూచన, ‘మీకు సహజంగా వచ్చే భాషలో రాయండి’ అని. ఆ సూచన ఉండేది ఇంగ్లిషులో.

కాలమానం

పన్నెండు వారాల ఎన్‌పీటెల్ కోర్సులు ఏడాదికి రెండు విడతలు: జులైలో ఒకటి, జనవరిలో ఒకటి. పొలం లేనివాళ్ళకు ఈ ఏర్పాటు చక్కగా కుదురుతుంది. జులై విడతకు పరీక్షలు దగ్గరపడే వేళకు పత్తి పగులుతుంది. దసరా కూడా అప్పుడే. దసరా రాత్రి దేవరగట్టులో జరిగే కర్రల సమరం వైపే ఈ ప్రాంతమంతా చూస్తుంటుంది కాబట్టి ఆ వారం అసైన్‌మెంటు గురించి అడిగేవాళ్ళూ ఉండరు, రాసేవాళ్ళూ ఉండరు. జనవరి విడత ఇంకా సూటిగా వస్తుంది. వానలు ముఖం చాటేసిన ఏడాది, పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పోతాయి. అక్కడ గుడిసె ముందు కూర్చుని షేక్‌స్పియర్ విషాదాంతాల మీద వీడియో చూసే విద్యార్థినికి కళ్ళు చెమర్చితే, కారణం నాటకమా మిరపకాయా అని తేల్చే పద్ధతి కోర్సులో లేదు.

బోధన పద్ధతి

ఎన్‌పీటెల్ పాఠాలు నడిచే ‘స్వయం’లో కోర్సుకు నాలుగు భాగాలు: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు, సందేహాల చర్చ. వీడియోలో ఆచార్యుడు ఎదురుగా ఎవరూ లేకుండానే అరగంట మాట్లాడతాడు. దీన్ని ఇంట్లో మొదట పట్టించుకునేది అవ్వ.

“ఆయప్ప ఒక్కడే చెప్పుకుంటా పోతాండాడు, నువ్వు ఊ కొట్టవేమి పాపా?”

“ఆయనకు ఇనపడదవ్వా.”

“ఇనపడకపోతే మాత్రం! కత చెప్పేటోనికి ఊ కొట్టకపోతే మర్యాదేనా?”

నాటి నుంచి ఊ కొట్టే బాధ్యత అవ్వ తీసుకుంటుంది. ఇంగ్లిషు తెలియకపోయినా ఆచార్యుడు ఆగిన ప్రతిచోటా సరిగ్గా ఊ అంటుంది. మొత్తం తరగతిలో శ్రద్ధగా పాల్గొన్నది ఆమే అయినా హాజరు పట్టీలో ఆమె పేరుండదు.

రుసుము సంగతి నాయన చూస్తాడు. ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, పరీక్షా కేంద్రం ఉన్న పట్నానికి పోయి రాయాలి. “చెప్పేది ఊరికేనంట, అడిగేదానికి దుడ్లంట” అని ఆయన దీన్ని సంగ్రహిస్తాడు. విద్యావిధానం మీద ఇంతకన్నా పొదుపైన వాక్యం ఆ ఏటి అసైన్‌మెంట్లలో దొరకదు.

పాఠ్యాంశం

ఇలాంటి కోర్సుల్లో వర్డ్స్‌వర్త్ ‘డాఫొడిల్స్’ దాదాపు తప్పదు. హాలహర్విలో డాఫొడిల్ పువ్వును చూసినవాళ్ళు లేరు. పత్తిపువ్వు మొదటి రోజు లేత పసుపుగా పూసి మర్నాటికి గులాబీ రంగుకు తిరగడం అందరూ చూశారు. దాని మీద ప్రశ్న రాదు. పువ్వు మాట అటుంచితే, ఆ కవిత గొప్పదనం ఏకాంతంలో ఉందని పాఠం చెబుతుంది. ఏడుగురున్న ఇంట్లో ఏకాంతమంటే ఏమిటో విద్యార్థిని మొదటిసారి అక్కడే చదువుతుంది.

అసలు సంగతి మాత్రం ఆమెకు ధైర్యమిచ్చేదే. 1802 ఏప్రిల్ 15న ఆ పూలను చూసినప్పుడు వర్డ్స్‌వర్త్ ఒంటరిగా లేడు. చెల్లెలు డొరొతీ వెంట ఉంది. ఆ పూలు గాలికి ఊగిన తీరును ఆమె తన దినచర్యలో ముందే రాసిపెట్టింది. కవితలో రెండు పాదాలు భార్య మేరీవని కవే ఒప్పుకున్నాడు. 1807లో అచ్చయినప్పుడు ఇంటిల్లిపాదిలో ఆయన పేరొక్కటే మిగిలింది. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018లో చేసిన నిబంధనలు పరిశోధన రాతల్లో పది శాతం దాకా పోలికను క్షమిస్తాయి. చెల్లెలి దినచర్యను, భార్య పాదాలను కలిపి లెక్కిస్తే ఆ మహాకవికి ఎంత శాతం వచ్చేదో అడగకపోవడమే మర్యాద.

రాతపని

అసైన్‌మెంట్లు రెండు రకాలు. మొదటిది నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేది. రచన నేర్పే కోర్సులో ఒక్క వాక్యమూ రాయకుండా నెగ్గుకు రావడం దీనివల్ల సాధ్యమైంది. రెండోది నిజంగా రాసేది. కొన్ని కోర్సుల్లో దీన్ని తోటి విద్యార్థులే దిద్దుతారు. ‘ఒంటరిగా గడిపిన మధ్యాహ్నం’ మీద హాలహర్వి నుంచి పోయిన వ్యాసంలో అవ్వ, మేకపిల్ల, కరెంటు బిల్లు కొట్టే మనిషి వస్తారు. వ్యాసం బాగుందిగానీ జనం ఎక్కువయ్యారని ఏ ఖండంలోనో ఉన్న తోటి విద్యార్థి వ్యాఖ్య రాస్తాడు.

ఈ కోర్సులో అన్నిటికన్నా మంచి వచనం అసైన్‌మెంటులో కనిపించదు. గడువు పొడిగించమని అడిగే ఉత్తరంలో కనిపిస్తుంది. అది ఇంటి ఉమ్మడి రచన. కరెంటు పోయిన సంగతి ముందు రాయమంటుంది అమ్మ. ‘సవినయంగా’ రెండుసార్లు పడాలంటాడు తమ్ముడు. నాయన మాత్రం పంట నష్టానికి అర్జీలు పెట్టి పెట్టి ఆరితేరినవాడు. “ఏడుపు తరవాత. ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎంత నష్టం, ఏం కావాల, ఇయి నాలుగూ రాయి. సర్వే నంబరు లేదు గాబట్టి రోల్ నంబరెయ్యి” అంటాడు. చదివేదెవరు, అడిగేదేమిటి, ఆధారమేది అని రచనా పాఠ్యపుస్తకాలు మూడు అధ్యాయాల్లో చెప్పేది ఇదే. ఆయనకు ఆ మూడు అధ్యాయాలు సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సు వరుసలో నిలబడి వచ్చాయి.

మూల్యాంకనం

పన్నెండు వారాల ఎన్‌పీటెల్ కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లకు మెరుగైన ఎనిమిదే లెక్కలోకి వస్తాయి. వాటికి 25 మార్కులు, చివరి పరీక్షకు 75. మొదటిదాంట్లో పదీ, రెండోదాంట్లో ముప్పయ్యీ వస్తే సర్టిఫికెట్ ఖాయం. అంటే నాలుగు అసైన్‌మెంట్లు ఎగ్గొట్టినా నియమమే మన్నిస్తుంది. ఇంటిల్లిపాది రెండు సాయంత్రాలు చెక్కిన ఆ విన్నపానికి అసలు అవసరమే లేదని విద్యార్థినికి తెలిసేది దాన్ని పంపిన తర్వాతే. ఆ ఉత్తరానికి మార్కులు లేవు.

ఫలితం

సర్టిఫికెట్ మీద ఒకరి పేరే ఉంటుంది. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో నలభై శాతం దాకా క్రెడిట్లు ‘స్వయం’ కోర్సుల నుంచి తెచ్చుకోవచ్చు. కాలేజీలో దాని ఉపయోగం అక్కడితో సరి.

ఊళ్ళో ఉపయోగం వేరు. పాప రచన చదివిందని తెలిసిన మర్నాటి నుంచి గడప ముందు జనం కూడతారు. ఒకరికి ఆగిన పింఛను, ఒకరికి రేషన్ కార్డులో తప్పుపడిన పేరు, పొలం మోటార్లున్నవాళ్ళకు కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్. నాయన పక్కన కూర్చుని తేదీలు చెబుతాడు, అవ్వ ఊ కొడుతుంది, విద్యార్థిని రాస్తుంది. ఈ రాతకు గడువు పొడిగింపు లేదు, నాలుగింటికి మినహాయింపూ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ వస్తే పాస్, రాకపోతే వచ్చే సోమవారం సప్లిమెంటరీ.